స్వతంత్ర సాఫ్ట్‌వేర్ నిర్మాత – అతని పని, అతని పూచీ

వ్యాపారమున్న చోటనెల్ల లెక్క యుండును. తెలుగునాట వర్తకులు తరతరములుగా చిట్టా, ఆవర్జా అను రెండు పుస్తకములతో కొట్టు నడిపిరి. ఏనాటి జమ, ఏనాటి ఖర్చు ఆనాడే వరుసగా చిట్టాకెక్కును. చిట్టా నుండి ఎవరి పద్దు వారి పేరిటి ఖాతా క్రింద ఆవర్జాలో చేరును. గుమాస్తా నమ్మకస్తుడైనచో యజమాని నిశ్చింతగా నిద్రించెడివాడు. నేడు ఆ గుమాస్తా పీటపై కంప్యూటరు కూర్చుండినది. అయితే కంప్యూటరు తనంతట తానేమియు నెరుగదు. దానికి లెక్క నేర్పువాడొకడు కావలెను. పెద్ద కంపెనీలో ఉద్యోగిగా కాక, ఒక్కొక్క వ్యాపారి అవసరమును విడివిడిగా విని, దానికి తగిన ప్రోగ్రామును వ్రాసియిచ్చి జీవించువానిని స్వతంత్ర సాఫ్ట్‌వేర్ ఇంజనీరు అందురు. అతని పని యెట్టిది, అందలి మెలకువలేవి, పూచీ యెంత అనునది ఈ వ్యాసమున విచారింపబడుచున్నది. కంప్యూటరు చదువు చదువుచున్న బిడ్డలు గల కుటుంబములకును, లెక్కలు వ్రాయించుకొను వర్తకులకును, సంస్థలకును ఇది ఉపకరింపవచ్చును.

వ్యాపారపు లెక్కకు కంప్యూటరును నియోగించుట నిన్నటి మాట కాదు. లండను నగరమున తేనీటిశాలలు నడపిన జె. లయన్స్ కంపెనీవారు తమ సొంత అవసరమునకై ‘లియో’ అను యంత్రమును నిర్మించుకొని, 1951 నవంబరులో రొట్టెలు, కేకుల విలువకట్టు లెక్కను దానిచే చేయించిరి. వ్యాపార కార్యమునకు క్రమముగా వాడబడిన కంప్యూటర్లలో అదియే మొదటిదని ప్రసిద్ధి. ఇందు గమనింపదగినదేమనగా, ఆ యంత్రమును కోరుకొన్నవారు గణితశాస్త్రజ్ఞులు కారు. టీ, రొట్టె అమ్ముకొనువారు. కాని ఆనాడది గదినిండ పట్టు యంత్రము, చిన్న వర్తకునకు అందని మ్రానిపండు. 1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ అనువారు ‘విసికాల్క్’ అను లెక్కల పట్టికను బల్లపై ఇముడు చిన్న కంప్యూటరునకు తెచ్చిరి. పిమ్మట డీబేస్, క్లిప్పర్, ఫాక్స్‌ప్రో మొదలగు సాధనములు వచ్చిన తరువాత ఒక్క మనిషి ఒక్క కంప్యూటరు ముందు కూర్చుండి ఒక కొట్టుకు సరిపడు ప్రోగ్రామును వ్రాయుట సాధ్యమైనది. మన దేశమున జీతాల పట్టీలు, సరకు నిల్వలు, ఫీజుల ఖాతాలు మొదలగునవి అనేకము ఈ విధముగనే కంప్యూటరుకెక్కినవి. నేడు దేశమంతట వాడుకలోనున్న ‘టాలీ’ పుట్టుక కూడ ఇట్టిదే. శ్యామ్‌సుందర్ గోయెంకా అను వ్యాపారికి తన లెక్కలకు సరిపోవు ప్రోగ్రాము దొరకలేదు. కుమారుడైన భరత్ గోయెంకా తండ్రి కొరకు ఒకటి వ్రాసెను. 1986లో బెంగుళూరున వారు స్థాపించిన సంస్థకు అదియే పునాదియైనది. ఒక్కని కొలతకు కుట్టిన చొక్కాయే పదిమందికి సరిపోయి అంగడిలో అమ్మకమునకు వచ్చినదన్నమాట.

అంగడిలో తయారు చొక్కాయి దొరుకుచుండగా దర్జీ యెందులకని ప్రశ్నింపవచ్చును. అందరి కొలతలును ఒకటి కావు గనుక. బిల్లు, పన్ను, ఖాతా – ఇవి ప్రతి వ్యాపారమునకును ఉమ్మడి. వీనికి తయారు ప్రోగ్రాము చాలును. కొనుట మేలు కూడ. ఇట్టి పనికి సొంతముగా వ్రాయించుకొందునని వచ్చిన వ్యాపారిని, ‘అక్కరలేదు, దొరకునదానిని కొనుక్కొనుడు’ అని త్రిప్పి పంపగల ఇంజనీరే నమ్మదగినవాడు. కాని ఆయా వ్యాపారమునకే చెల్లు మర్యాదలు, కొలతలు, కోతలు కొన్ని యుండును. అక్కడ తయారు ప్రోగ్రాము బిగువైనను కావచ్చును, వదులైనను కావచ్చును.

గుంటూరు మిర్చి యార్డునే ఉదాహరణముగా తీసికొందము. ఆసియాలోకెల్ల పెద్ద మిర్చి మార్కెట్టుగా దానికి పేరు. రైతు తెచ్చిన మిర్చి టిక్కీలు కమిషన్ వ్యాపారి కొట్టుకు చేరును, కొనుగోలుదారు సరకు చూచి ధర చెప్పును, కాటా అగును, సంచి బరువు పోవును, హమాలీ, కమిషన్ మొదలగునవి లెక్కకు వచ్చును, రైతు ముందుగా తీసికొన్న బదులు, దానిపై వడ్డీ మినహాయింపబడును, మిగిలిన సొమ్ము రైతు చేతికి వచ్చును. ధర నచ్చనిచో సరకు శీతల గిడ్డంగికి పోవును. తేజ, బాడిగ, 334 అని రకములు వేఱు, రకమునకొక ధర, ఒక్క రైతు సరకులోనే మేలుకాయ వేఱు, తాలుకాయ వేఱు. ఈ సంగతులన్నియు తెలియని ప్రోగ్రాము అక్కడ కేవలము బిల్లు అచ్చువేయు యంత్రముగా మాత్రమే మిగులును.

అట్టి కొట్టుకు పిలువబడిన ఇంజనీరు చేయవలసిన మొదటి పని కంప్యూటరు తెరచుట కాదు, నోరు మూసికొని కూర్చుండి చూచుట. ఒక పూట కాటా దగ్గఱ, ఒక పూట గుమాస్తా ప్రక్కన, ఒక పూట సొమ్ము చెల్లించు బల్ల దగ్గఱ కూర్చున్నచో యజమాని చెప్పని సంగతులు బయటపడును. యజమాని చెప్పునది లెక్క జరుగవలసిన తీరు. గుమాస్తా చేయునది లెక్క జరుగుచున్న తీరు. ఈ రెంటికి నడుమ నున్న ఎడములోనే ప్రోగ్రాములు చెడిపోవుచుండును. సాఫ్ట్‌వేర్ నిర్మాణమందు అన్నిటికంటె కష్టమైనది ఏమి నిర్మింపవలెనో నిక్కముగా తేల్చుకొనుటయే యని అమెరికా దేశపు కంప్యూటరు పండితుడు ఫ్రెడ్ బ్రూక్స్ 1986లోనే వాదించెను. నాటి యంత్రములు నేడు లేవు. వాదము మాత్రము చెక్కు చెదరలేదు.

ఒక్క మాట అర్థము తప్పినందువలన ఎంత ముప్పు వాటిల్లునో చూడుడు. పల్లెలలో ‘రెండు రూపాయల వడ్డీ’ అనగా నూటికి నెలకు రెండు రూపాయలు; అనగా సాలుకు నూటికి ఇరువది నాలుగు. పట్టణమున పెరిగి, బ్యాంకు లెక్కలు మాత్రమే ఎరిగిన యువకుడు దీనిని సాలుకు రెండు శాతమని వ్రాసికొన్నచో లక్ష రూపాయల బదులుపై యేడాదికి ఇరువది నాలుగు వేలు రావలసిన చోట రెండు వేలే వచ్చును. ఇది వెంటనే బయటపడు తప్పు, యజమాని కేకవేయును గనుక. బయటపడని తప్పులు వేఱుగా నున్నవి.

పేర్ల సంగతి అట్టిది. ఒకే ఊరిలో ఒకే పేరు గల రైతులు ఇద్దరు ముగ్గురుండుట సామాన్యము. ఇంటిపేరు, తండ్రిపేరు చేర్చినను ఒక్కొక్కప్పుడు విడదీయ వీలుకాదు. పైగా వెంకటేశ్వర్లు అను పేరును ఇంగ్లీషు అక్షరములలో ఒక్కొక్క గుమాస్తా ఒక్కొక్క విధముగా వ్రాయును. మనిషి ఒక్కడే, ఖాతాలు మూడగును. లేదా మనుషులిద్దరు, ఖాతా ఒకటియగును. ఒకరి బదులు మరియొకరి సొమ్మునుండి కోతపడినచో కంప్యూటరు దానిని తప్పని యెరుగదు. కావున తెలిసిన నిర్మాత ప్రతి రైతునకు ఒక సంఖ్య నిచ్చి, పేరును చూపుటకు మాత్రమే వాడి, ఖాతాలను సంఖ్యతో గుర్తించును. తెలుగు లిపికి 1991 నుండియే యూనికోడ్ ప్రమాణమున స్థానమున్నది. కాబట్టి రైతు చేతికిచ్చు లెక్కచీటిని తెలుగులో అచ్చువేయుటకు నేడు సాంకేతికమైన ఆటంకమేదియు లేదు. అయినను ఇంగ్లీషు చీటీలే ఎక్కువగా వెలువడుచుండుటకు కారణము అలవాటు, కొంత అశ్రద్ధ. తన సొమ్ములో ఎందులకెంత కోత పడినదో చదువుకొనలేని చీటీ రైతునకు చీటీయే కాదు.

ఇక పైసల లెక్క. ఈ విషయమున కొంత విస్తరించి చెప్పవలసియున్నది, ఏలయన ప్రోగ్రాము వ్రాయువాని శ్రద్ధాశ్రద్ధలు ఇక్కడనే తేలును.

పదింట ఒక వంతును, పదింట రెండు వంతులను కూడినచో పదింట మూడు వంతులు రావలెను. ప్రోగ్రాము భాషలలో పలుచోట్ల వాడుక యందున్న దశాంశ పద్ధతిలో కంప్యూటరును అడిగిన 0.30000000000000004 అని చెప్పును. యంత్రము చెడినది కాదు. మనము పది వ్రేళ్లతో లెక్కించునట్లు అది సున్న, ఒకటి అను రెండంకెలతో లెక్కించును. మూడింట ఒక వంతును మనము దశాంశములలో వ్రాయబోయిన 0.333 అని ఎన్నటికిని ముగియదు గదా! అట్లే పదింట ఒక వంతును రెండంకెలలో వ్రాయబోయిన అది ముగియదు. యంత్రము ఎక్కడనో ఒకచోట తెంపివేయును. ఆ తెంపిన తునక మిక్కిలి చిన్నది; ఒక్క లెక్కలో కానరాదు. వేలకొలది పద్దులు కూడినప్పుడు ఆవర్జా ఒక పైసా తేడా చూపును. ఆ పైసాకై గుమాస్తా రాత్రంతయు వెదకును. దీనికి మందు సులభమైనది: రూపాయలను పైసలుగా, కిలోలను గ్రాములుగా మార్చి పూర్ణసంఖ్యలతోనే లెక్క చేయవలెను.

ఇరువది యేడు టిక్కీల నికర బరువు 1,134 కిలోల 500 గ్రాములు, ధర క్వింటాలుకు 16,350 రూపాయలు అనుకొందము. మొత్తము 1,85,490 రూపాయల 75 పైసలు. ఇది బరువులన్నియు ముందు కూడి, పిమ్మట ధరతో హెచ్చించిన లెక్క. మరియొక నిర్మాత టిక్కీ టిక్కీకి వేఱుగా వెలకట్టి, ప్రతిసారియు పైసలను వదలివేసి, రూపాయలను కూడునట్లు వ్రాసెననుకొందము. ఒక్కొక్క టిక్కీకి సగటున అర్ధరూపాయి దాక పోవును. ఇరువది యేడింటికి పదుమూడు పదునాలుగు రూపాయలు. రైతు అడుగడు, అడిగినను ‘కంప్యూటరు లెక్క’ అను సమాధానము సిద్ధముగా నుండును. కాని నలువది వేల టిక్కీలు చేతులు మారు కొట్టులో సీజను ముగియునప్పటికి ఆ మొత్తము ఇంచుమించు ఇరువది వేల రూపాయలగును. యజమాని మోసము తలపెట్టలేదు, గుమాస్తా ఎరుగడు, రైతు ఎరుగడు. ఊరు పేరు తెలియని రైతుల జేబులనుండి ఆ సొమ్ము తరలివచ్చుటకు కారణము ప్రోగ్రాములోని ఒక్క పంక్తి. పూర్వము కాటా క్రింద చింతపండు అంటించినవాడు పట్టుబడెడివాడు. ఈ పంక్తిని పట్టుకొనువాడు లేడు, వ్రాసినవాడు తప్ప. కావున పైసల సవరణ ఒక్కసారే, చిట్టచివర, దగ్గఱి రూపాయికి చేసి, ‘సవరణ’ అను పేరుతో దానిని చీటీపై వేఱుగా చూపుట న్యాయమైన పద్ధతి.

కొందరు వర్తకులు ఇవన్నియు ఎందులకు, ఎక్సెల్ పట్టిక యున్నది గదా యందురు. చిన్న లెక్కకు అది మంచి సాధనమే. కాని పట్టికకు హద్దు కలదు. హద్దు దాటినప్పుడు అది కేకవేయదు. ఎక్సెల్ పాత రకపు దస్త్రములో 65,536 వరుసలకు మించి పట్టవు. 2020 సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట, ఇంగ్లండులో కోవిడ్ పరీక్షల ఫలితములను ఈ పాత రకపు దస్త్రములలో నింపగా, పట్టని వరుసలు జారిపోయి 15,841 మంది రోగుల వివరములు దినసరి లెక్కలలో చేరలేదు. వారిని కలిసినవారికి సకాలమున హెచ్చరిక చేరలేదు. అంత పెద్ద ప్రభుత్వమునకే అట్లయినప్పుడు కొట్టు మాట చెప్పనేల? నాలుగుచేతులు ఒకే పట్టికలో పద్దులు మార్చుట, నిన్నటి అంకెను నేడెవరు దిద్దిరో తెలియకపోవుట మరియొక చిక్కు. మంచి ప్రోగ్రాములో పాత పద్దు చెరపబడదు. చిట్టాలో తప్పు పద్దును గీకివేయక ఎదురుపద్దు వ్రాసినట్లు, సవరణ క్రొత్త పద్దుగా చేరును, చేసినవాని పేరు, వేళ నిలిచియుండును.

ప్రోగ్రాము సిద్ధమైన వెంటనే పాత పుస్తకమును అటకెక్కించుట తొందరపాటు. కనీసము ఒక నెల రెండును ప్రక్కప్రక్కన నడువవలెను. తేడా వచ్చిన ప్రతి పద్దును విచారింపవలెను. ఆశ్చర్యమేమనగా, తప్పు ఎల్లప్పుడును కంప్యూటరుదే కానక్కరలేదు. ఏండ్ల తరబడి పుస్తకములో నడచుచున్న పొరపాటు అప్పుడు బయటపడిన సందర్భములును ఉండును. అప్పుడు గుమాస్తాను నలుగురిలో చిన్నబుచ్చక, ప్రక్కకు పిలిచి చూపు ఇంజనీరునకు ఆ కొట్టులో నూకలు మిగులును.

ఇంతవరకు పని సంగతి. ఒప్పందము సంగతి మనవారు మిక్కిలి అశ్రద్ధ చేయుదురు. ‘మనవాడే గదా, కాగితమెందులకు’ అనుటతో మొదలై, ‘మనవాడనుకొన్నాము’ అనుటతో ముగిసిన వ్యవహారములు తక్కువ కావు. ఏమి చేసి యిచ్చునో, ఏమి చేయడో రెండును వ్రాసికొనవలెను. రెండవది మరింత ముఖ్యము. ‘ఇంకొక్క చిన్న మార్పు’ అనునది ఈ వృత్తికి చీడపురుగు. మార్పు కోరుట వర్తకుని తప్పు కాదు. ప్రోగ్రామును కనులజూచిన పిదపగాని తనకేమి కావలెనో అతనికి తెలియదు. అందుకే మార్పులకు వేఱుగా వెల నిర్ణయించుకొన్నచో ఇరువురికి స్నేహము మిగులును. సొమ్ములో కొంత ముందుగా, కొంత నడుమ, కొంత అప్పగింత నాడు తీసికొనుట అలవాటు. అప్పగింత తరువాత యేటేటి మరమ్మతునకు వేఱొప్పందము.

ప్రోగ్రాముపై హక్కెవరిది? తెలుగు పండితులకు ఇది వింతగా తోచవచ్చును – 1957 నాటి మన కాపీరైటు చట్టమునకు 1984లో జరిగిన సవరణతో కంప్యూటరు ప్రోగ్రాము కూడ సాహిత్యకృతుల కోవలో చేరినది. కావ్యము, ప్రోగ్రాము చట్టము దృష్టిలో ఒకే పంక్తిలో భోజనమునకు కూర్చున్నవి. ఉద్యోగి తన ఉద్యోగములో భాగముగా వ్రాసినదానికి, వేఱు ఒప్పందము లేనిచో, యజమాని హక్కుదారు. స్వతంత్రుడు వ్రాసినదానికి, వ్రాతపూర్వకముగా బదిలీ చేయనంతవరకు, వ్రాసినవాడే హక్కుదారు. సొమ్మిచ్చితిని గనుక నాదే యనుకొను వర్తకుడు ఇచ్చట పొరపడుచున్నాడు. బదిలీ పత్రములో కాలపరిమితి వ్రాయనిచో ఐదేండ్లకే, ప్రదేశము వ్రాయనిచో భారతదేశమునకే బదిలీ పరిమితమని కూడ చట్టము చెప్పుచున్నది. కావున కొట్టునకు ఎంత హక్కు, నిర్మాతకు ఎంత హక్కు అనునది ఆదియందే తేల్చుకొనవలెను. మూలపాఠము, అనగా ప్రోగ్రాము వ్రాసిన అసలు ప్రతి, వర్తకుని వద్ద ఒకటి యుండునట్లు ఏర్పాటు చేసికొనుట వర్తకునకు క్షేమము.

పన్నుల మాట క్లుప్తముగా: 2017 జులై 1 నుండి జి.ఎస్.టి. అమలులోనున్నది. సేవలందించువాని యేటి రాబడి ఇరువది లక్షలు దాటినచో మన రెండు రాష్ట్రములలోను నమోదు తప్పనిసరి. విదేశములలోని తెలుగువారి దుకాణములకో మరియెవరికో వ్రాసియిచ్చి విదేశీ ద్రవ్యము పొందు పని ఎగుమతిగా పరిగణింపబడును. దాని నియమములు వేఱు. మంచి లెక్కల పరిశీలకుని ఆశ్రయించుట మేలు. ఇతరులకు లెక్కల ప్రోగ్రాములు వ్రాయువారు తమ లెక్క తాము వ్రాసికొనకుండుట ఈ వృత్తిలో పెద్ద హాస్యము.

రైతుల బ్యాంకు ఖాతాలు, ఫోను సంఖ్యలు, ఆధార్ సంఖ్యలు ఆ ప్రోగ్రాములో నుండును. వానిని కాపాడు బాధ్యతను గూర్చి 2023లో పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమును చేసినది. చట్టము వచ్చినను రాకున్నను, అక్కరలేని వివరము అడుగకుండుటయే ఉత్తమ రక్షణ. లేని సొత్తును దొంగ యెత్తుకొనిపోలేడు గదా.

కుటుంబములవారికి ఒక మాట. పెండ్లిచూపులలో ‘ఏ కంపెనీ?’ అని ప్రశ్నించినప్పుడు ‘ఏ కంపెనీయు కాదు’ అను సమాధానము విని ముఖము చిట్లించువారు నేటికిని కలరు. ఈ వృత్తిలో నెలనెల జీతము లేదన్న మాట నిజమే. మూడు నెలలు ఊపిరాడని పని, రెండు నెలలు పని లేమి. ప్రావిడెంటు ఫండు లేదు, వైద్యబీమా తానే కొనవలెను. కావున ఆరు నెలల ఖర్చు చేతనుంచుకొనక ఉద్యోగము వదలుట సాహసమే. ఒక్క వర్తకునిపైననే ఆధారపడినవాడు పేరునకు స్వతంత్రుడు, నిజమునకు హామీలేని ఉద్యోగి. 2022 చివర నుండి మాటలాడి ప్రోగ్రాము వ్రాయించుకొను కృత్రిమమేధ సాధనములు విరివిగా వచ్చినవి. వానివలన ఈ వృత్తి అంతరించునని కొందరు భయపడుచున్నారు. పంక్తులు వ్రాయు శ్రమ తగ్గినమాట వాస్తవము. కాటా దగ్గఱ కూర్చుండి గుమాస్తా చెప్పని సంగతి గ్రహించుట, రైతు అర్ధరూపాయిని గూర్చి ఆలోచించుట – ఇవి అడిగినవానికే సమాధానమిచ్చు యంత్రమునకు వాని యంతట తోచవు. అడుగవలసినది తెలిసినవాడు కావలెను.

చివరగా, ఎవరును ముందుగా ఆలోచింపనిది ఒకటున్నది. ఒక్కడే వ్రాసిన ప్రోగ్రాముపై కొట్టంతయు నడచుచుండగా, ఆ ఒక్కనికి జబ్బు చేసినచో, ఊరు విడిచినచో, మరణించినచో గతియేమి? మనుషులే కాదు, సాధనములును గతించును. ఒకనాడు వేలకొలది కొట్లు నడపిన ఫాక్స్‌ప్రో సాధనమునకు దాని యజమానియైన మైక్రోసాఫ్ట్ సంస్థ 2015 జనవరితో సహాయమును పూర్తిగా నిలిపివేసినది. దానిలో వ్రాసిన ప్రోగ్రాములు పాత కంప్యూటరుపై ఇంకను ఆడవచ్చును. ఆ కంప్యూటరు చెడిననాడు చిక్కు మొదలగును. అందువలన శ్రద్ధగల నిర్మాత అప్పగింత నాడే కొన్ని ఏర్పాట్లు చేసిపెట్టును. సమాచారమునకు మూడు ప్రతులు, అందొకటి కొట్టునకు దూరముగా మరియొక చోట. ఆ ప్రతినుండి లెక్కలు తిరిగి తెఱచుకొనునో లేదో ఆరు నెలలకొకసారి యజమాని యెదుట పరీక్ష. తెఱచి చూడని ప్రతి ఉన్నదో లేదో చెప్పలేము. పద్దులన్నిటిని ఏ ప్రోగ్రామునైనను చదువగల సాదా పట్టికగా బయటకు తీయు మీట. ఏ సంకేతపదము దేనికి, ఏ పని ఏ పంక్తులలో జరుగును, పైసల సవరణ ఎక్కడ చేయబడును అని తెలుగులో వ్రాసిన ఒక నోటుపుస్తకము. ఆ పుస్తకమును ముద్రవేసిన కవరులో యజమాని ఇనుపపెట్టెలో, బదిలీ పత్రము ప్రక్కన, ఉంచుదురు. మరియొక ఇంజనీరు వచ్చి ఆ కవరు చించి చదివి పని కొనసాగింపగలడా యని మొదటివాడు ఉండగానే ఒకసారి పిలిపించి చూపించు వర్తకులును కొందరు కలరు. దానికగు ఖర్చు రెండు మూడు దినముల కూలి.